గడీకి దొడ్డి దర్వాజ కూడా ఉన్నది

మా దిక్కు రెవెన్యూ ఆఫీసుల్లో ‘విరాసత్’ అనే మాట ఒకటి ఉన్నది. చనిపోయినవాని పేరు మీద ఉన్న భూమిని వారసుని పేరు మీదికి మార్చడాన్ని విరాసత్ అంటారు. విరాసత్ చేయించుకోవాలంటే ముందుగాల భూమి ఉండాలె. పుస్తకాల తెలుగులో దీన్నే వారసత్వం అంటున్నాం. ఈమధ్య ఈ మాట రెవెన్యూ ఆఫీసు దాటి బయటికొచ్చింది. నిన్నమొన్నటి దాకా గబ్బిలాలు తిరిగిన గడీల మీద పత్రికల ఆదివారం అనుబంధాల్లో రంగుల ఫోటోలతో వ్యాసాలు వస్తున్నాయి. పెండ్లికి ముందు ఫోటోలు దిగేవాళ్ళు, సినిమా వాళ్ళు, చరిత్ర యాత్రల వాళ్ళు గడీలను వెతుక్కుంటూ పోతున్నారు. కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోటను బాగు చేసిన పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. పాత కరీంనగర్ జిల్లాలో కూలిపోగా మిగిలిన గడీలకూ ఇటువంటి యోగం పట్టాలని కోరుకునేవాళ్ళు పెరుగుతున్నారు.

గడీలను కాపాడొద్దని మేము అనడం లేదు. విరాసత్ ఎవరి పేరు మీద రాస్తున్నారన్నదే మా ప్రశ్న. మేము అంటే మాల, మాదిగ వాడల నుంచి మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన తరం. మా తాతలు గడీలో వెట్టి చేసిండ్రు. వాళ్ళకు పట్టా పాసుబుక్కు లేదు గానీ వారసత్వం లేకపోలేదు. వెట్టి కూడా తండ్రి నుంచి కొడుక్కు, అత్త నుంచి కోడలికి వచ్చిందే. ఆ విరాసత్ ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు. ఇవాళ గడీల మీద వస్తున్న రాతల్లోనూ ఎక్కడం లేదు. ఈ వ్యాసం ఆ రాతలను, సినిమాలను, బోర్డులను విమర్శకు పెట్టే ప్రయత్నం.

గడి అంటే ఏమిటి

బయటివాళ్ళకు గడి అంటే పాత బంగళా. ఊరివాళ్ళకు గడి అంటే అధికారం కూచున్న చోటు. సాలార్‌జంగ్ 19వ శతాబ్దం రెండో సగంలో రెవెన్యూ పాలనను మార్చినప్పుడు, పన్ను వసూలు చేసే దేశ్‌ముఖ్, దేశ్‌పాండేల పని సర్కారు ఉద్యోగుల చేతికి పోయింది. పని పోయినందుకు వాళ్ళకు రుసుం ముట్టింది. పని పోయినా పెత్తనం మాత్రం పోలేదు. లెక్కల మీద పట్టు, ఊరి భూమి మీద పట్టు, ఊరి మనుషుల మీద పట్టు వాళ్ళకే మిగిలినయి. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ కొలువులు వాళ్ళ చేతుల్లోనో, వాళ్ళ చెప్పుచేతల్లో ఉన్నవాళ్ళ దగ్గరో ఉండేవి. కరీంనగర్ జిల్లాలో ఈ దొరలు చాలావరకు వెలమలు. కొన్నిచోట్ల రెడ్లు, బ్రాహ్మణులు, ముస్లిం జాగీర్దార్లు. ఇప్పుడు మనకు కనిపిస్తున్న గడీల్లో చాలావాటి వెనుక ఈ క్రమంలో పోగైన భూమీ ధాన్యమూ ఉన్నాయి.

గడీని చూడపోయినవాళ్ళు మొదట ఎత్తైన గోడను చూస్తారు. తర్వాత బురుజు, ఏనుగు పట్టే దర్వాజ, లోపల వాకిలి, గుండ్రటి స్తంభాల వరండా, చెక్కిన టేకు దూలాలు, గచ్చు. ‘మొగలాయి, యూరోపియన్ శైలుల మేలు కలయిక’ అని రాసుకొని తిరిగి పోతారు. ఆ గచ్చు ఎట్లయిందని అడిగేవాళ్ళు లేరు. డంగు సున్నం గానుగలో నూరాలె. సున్నపురాయిని బట్టీలో కాల్చి, ఇసుక కలిపి, ఎద్దుల చేత రాతి చక్రం తిప్పించి, దినాల తరబడి నీళ్ళు పోస్తే గానీ సున్నం పదునుకు రాదు. రాయి కొట్టింది వడ్డెరలు. దూలాలు చెక్కింది వడ్లవాళ్ళు. కుండలు, పెంకులు చేసింది కుమ్మర్లు. మన్ను తవ్వి, నెత్తిన మోసి, గోడ లేపింది మాల మాదిగలు. కూలి ఇచ్చింది ఎంత, ఇవ్వనిది ఎంత అని తేల్చే లెక్కల పుస్తకం దొరకదు. ఎందుకంటే వెట్టి అన్నదానికి అర్థమే లెక్క లేనిదని.

గోడ లేచినంక కూడా పని అయిపోలేదు. గడి తనంతట తాను నడిచేది కాదు. సాకలి ఇంటి ఆడవాళ్ళు బట్టలుతికి, అంట్లు తోమి, నీళ్ళు మోసేది. మంగలి క్షవరం చేసి, కాళ్ళు పిసికేది. కుమ్మరి కుండలిచ్చేది. గొల్లలు పండుగకో యాటను, అధికారి వస్తే ఇంకో యాటను ఇచ్చుకునేది. గౌండ్లు కొన్ని తాటిచెట్ల కల్లు గడికే వదిలేది. మాదిగలు చెప్పులు, పగ్గాలు, మోటకు తొండం, బొక్కెన కుట్టి ఇచ్చి, డప్పు కొట్టి, చచ్చిన పశువును ఎత్తిపోసేది. మాలలు కబురు మోసి, కావలి కాసి, దొర కచ్చరం ముందు ఉరికేది. దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడబిడ్డల గతి వేరే చెప్పాల్సిన పనిలేదు. కులానికో పని, పనికో వేళ, వేళకో దర్వాజ. ముందు దర్వాజ నుంచి అధికారులు, సాటి దొరలు వచ్చేది. ఊరి రైతు వాకిట్ల నిలబడేది. సేవకులాలు పక్క దారిన పోయేది. మాదిగవాళ్ళకు దొడ్డి దర్వాజ, పశువుల కొట్టం, పెంటకుప్ప.

అందుకని మేము గడీని ఒక భవనంగా కాక, ఇటుకల్లో రాసిన కులాల పట్టికగా చదవాలంటున్నాం. ఎవడు ఎంత దూరం లోపలికి రావచ్చో చెప్పిన నక్షా అది. వాస్తుశిల్పం అంటే గదుల కొలతలే కాదు, మనుషుల మధ్య దూరాల కొలత కూడా. దొడ్డి దర్వాజను చూపించకుండా గడీని చూపించడమంటే, నక్షాలో సగాన్ని చించి మిగతా సగానికి చట్రం కట్టడమే.

ఇంగ్లండు తోటలు, మా తోటలు

పాత ఇండ్లను చూడపోవడం ఇంగ్లండులో పెద్ద అలవాటు. నలుగురు జార్జి రాజులు వరుసగా ఏలిన 1714-1830 కాలంలో అక్కడి ప్రభువులు పల్లెల్లో కట్టుకున్న పెద్దిండ్లను ‘జార్జియన్’ ఇండ్లంటారు. టిక్కెట్టు కొని, ఇల్లు చూసి, తోటలో తిరిగి, చాయ్ తాగి పోవడం అక్కడ ఆదివారం పూట కాలక్షేపం. ఆ ఇండ్ల తోటల్లో ‘హా-హా’ అనే ఒక ఏర్పాటు ఉంటుంది. అది భూమిలోకి దింపి కట్టిన గోడ. వరండాలో కూచున్న దొరసానికి గోడ కనబడదు. పచ్చిక చూపు ఆనినంత దూరం సాగిపోతున్నట్టే ఉంటుంది. గొర్రెలు, పశువులు మాత్రం ఇంటి దిక్కు రాలేవు. అడ్డం ఉంటుంది గానీ కంటికి ఆనదు. చూపుకు అడ్డం వచ్చినయని ఊళ్ళనే ఎత్తివేసిన ప్రభువులు కూడా ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర న్యూన్‌హమ్ గ్రామాన్ని 1760ల్లో ఇట్లాగే అక్కడి ప్రభువు వేరే చోటికి జరిపించిండు.

మా దొరకు గోడను దాచే అవసరం రాలేదు. గోడ కనబడాలె. చూసినవాని గుండె జారాలె. అందుకే గడి గోడ భూమిలోకి దిగక మీదికి లేచింది. ఊరిని దూరం జరపాల్సిన పని కూడా లేకుండె. మాల మాదిగ వాడలను ఎట్లాగూ గాలివాటు చూసి ఊరికి ఆవల ఉంచిండ్రు. మిగిలినవాళ్ళు గడి ముంగట చెప్పులు విడిచి, తువ్వాల తీసి నడిస్తే సరిపాయె. ఇంగ్లండు ప్రభువు శ్రమను దాచిపెట్టి అందం సంపాదిస్తే, మా దొర అదే శ్రమను కండ్ల ముందర వంగబెట్టి పెత్తనం సంపాదించిండు. రెండు చోట్లా తోటలోని మామిడిపండు మాత్రం నీళ్ళు పోసినవాని నోటికి రాలేదు.

ఈ పోలిక ఊరికే తెచ్చింది కాదు. ఆ ఇండ్లకూ మన నేలకూ లెక్కల సంబంధం ఉన్నది. బార్క్‌షైర్‌లోని బాసిల్డన్ పార్కు కట్టించిన ఫ్రాన్సిస్ సైక్స్, బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసి సొమ్ము వెనకేసుకున్నవాడు. యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ హౌస్ లాసెల్స్ కుటుంబానిది. కరీబియన్ దీవుల చెరకు తోటలు, బానిసల వ్యాపారం వాళ్ళ సంపదకు మూలం. 1830ల్లో బ్రిటిష్ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 1,277 మంది బానిసలను కోల్పోయినందుకు ఆ ఇంటి ప్రభువుకు 26,309 పౌన్ల నష్టపరిహారం ముట్టింది. బానిసలకు ఒక్క పెన్నీ ముట్టలేదు. పని పోయిన దేశ్‌ముఖ్‌కు రుసుం ఇచ్చిన మన సర్కారు ఈ కథను వింటే కొత్తగా అనుకోదు.

అయితే అక్కడ ఇంకో పని కూడా జరిగింది. ఇంగ్లండులో పాత ఇండ్లను చూసుకునే నేషనల్ ట్రస్ట్ 2020 సెప్టెంబరులో ఒక నివేదిక వేసింది. తన చేతిలో ఉన్న 93 చోట్లకు వలస పాలనతోనో, బానిసల వ్యాపారంతోనో ఉన్న సంబంధాన్ని పేరుపేరునా రాసింది. దాని మీద పెద్ద లొల్లి అయింది. ఆదివారం షికారును పాడు చేస్తున్నారని పెద్దమనుషులు కోపగించుకున్నరు. హేర్‌వుడ్ కుటుంబం తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ వంశంలో పుట్టిన నటుడు డేవిడ్ హేర్‌వుడ్ చిత్రపటం 2023లో ఆ ఇంట్లోనే పెట్టిండ్రు. యజమాని పేరే బానిసకు ఇంటి పేరైంది. ఆ ఇంటి గోడ మీద ఇప్పుడు అతని మొహం కూడా ఉన్నది. ఇది న్యాయం జరిగినట్టని మేము అనం. చిత్రపటం వేరు, నష్టపరిహారం వేరు. కానీ ఇల్లు ఎవని చెమట మీద లేచిందో ఆ ఇంట్లోనే చెప్పడం సాధ్యమని తేలింది. మన గడీల్లో ఏ ఒక్కదాని గోడ మీదనైనా ఒక వెట్టి మనిషి మొహం ఉన్నదా?

కోఠి రెసిడెన్సీ: ప్రేమకథ కింద పూడిన కథ

మన రాష్ట్రంలో అచ్చమైన జార్జియన్ భవనం చూడాలంటే హైదరాబాద్ కోఠికి పోవాలె. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805లో చనిపోయేదాకా నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటు. అతని కాలంలో, మద్రాస్ ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ నక్షా మీద ఈ భవనం లేచింది. మెట్లకు అటూ ఇటూ సింహాలు, ముందర భారీ స్తంభాలు, చుట్టూ తోట. ఖర్చు నిజాం ఖజానాది. 1924లో మొదలైన ఆడపిల్లల కాలేజీ తర్వాతి కాలంలో ఇందులోకి వచ్చింది. కాబట్టి మా అక్కచెల్లెండ్లు చాలామందికి ఇది పాఠాలు విన్న తరగతి గది.

ఇవాళ ఈ భవనం పేరెత్తితే కిర్క్‌పాట్రిక్‌కూ ఖైరున్నీసాకూ నడిచిన ప్రేమకథే ముందుకొస్తుంది. విలియం డాల్రింపుల్ 2002లో ‘వైట్ మొగల్స్’ రాసినంక ఆ కథ ప్రపంచమంతా తిరిగింది. ప్రేమకథ మీద మాకు పగ లేదు. కానీ నిజాం ఖజానాలోకి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్క ప్రశ్న వేస్తే కథ కోఠి దాటి ఎలగందల సర్కారు ఊళ్ళకు పోతుంది. ఇజారా పట్టినవాడు రైతు దగ్గర గుంజిండు. రైతు జీతగాని కడుపు కొట్టిండు. ఆ మెట్ల వరుస అడుగున ఉన్నవాడు సింహాల మెట్లెక్కి లోపల ఏమున్నదో చూడలేదు. 1857 జులైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులను వెంటేసుకొని ఈ రెసిడెన్సీ మీదికి పోయిండ్రు. ఆ పోరాటానికి ప్రేమకథకు దొరికినంత మంది పాఠకులు దొరకలేదు.

ఈ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. ఇది చిన్న సంగతి కాదు. విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడీకి ఎదురు నిలిచి, కౌలు భూమి మీద పంటను కాపాడుకున్న పాలకుర్తి సాకలామె పేరు ఇప్పుడు కంపెనీ రెసిడెంటు భవనం ఉన్న యూనివర్సిటీకి ఉన్నది. దొరల బట్టలుతికిన కులం పేరు దొరలకే దొర అయినవాని ఇంటి గేటు మీదికెక్కింది. సంతోషమే. కానీ పేరు గేటు దగ్గర ఆగిపోతే లాభం లేదు. లోపల యాత్రికులకు చెప్పే కథలో ఐలమ్మ ఎక్కడున్నదని అడగాలె. భవనం కథ ఒకటి, గేటు కథ ఒకటిగా ఉన్నంతకాలం ఈ నామకరణం సున్నం వేసినట్టే, గోడ పాతదే.

తెర మీద గడి

గడీని బయటి ప్రపంచానికి చూపించింది ఎక్కువగా సినిమా. బి. నర్సింగరావు ‘దాసి’ 1988 సంవత్సరానికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. అర్చనకు ఉత్తమ నటి, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠానికి కళాదర్శకత్వ పురస్కారాలు వచ్చినయి. గడీని అందంగా చూపించకుండా, ఆడమనిషిని వస్తువులెక్క వాడుకున్న చోటుగా చూపించడంలో ఆ సినిమాను మించింది ఇప్పటికీ రాలేదు. అందులో గోడలు మాట్లాడుతాయి. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ‘దాసి’ కెమెరా గడీ లోపలే ఉంటుంది. దాసి ఏ వాడ నుంచి వచ్చింది, ఆమె తల్లిగారింట్లో పొయ్యి ఎట్లా వెలిగింది, ఆమెను పోగొట్టుకున్న వాడ ఏమనుకున్నది, ఇవి తెరకు ఆవల ఉండిపోయినయి. గడీ బాధితురాలిని గడీ లోపల మాత్రమే చూసినప్పుడు ఆమెకు బాధ తప్ప వేరే చరిత్ర మిగలదు.

2019లో వచ్చిన ‘దొరసాని’ ఇంకో దారి పట్టింది. అందులో గడి పేద పిల్లగానికీ దొర బిడ్డకూ మధ్య అడ్డుగోడ. వెట్టి, సంఘాలు, పోలీసులు కథకు వెనుక కట్టిన తెర. దొర బిడ్డను ప్రేమించినందుకు వాడల్లో ఏం జరిగేదో మా ముసలివాళ్ళకు తెలుసు. అది వేరే సినిమా. ‘దాసి’ నుంచి ‘దొరసాని’ దాకా ముప్పయ్యేండ్ల ప్రయాణంలో గడి నేరం జరిగిన చోటు నుంచి కథ జరిగిన చోటుగా మారింది. పెండ్లి ఫోటోలవాళ్ళకు దారి వేసింది ఈ మార్పే.

గడి ఖాళీ అయిన విధం

ఈమధ్య రాతల్లో ‘కాలక్రమంలో గడీలు ఖాళీ అయినాయి’ అనే వాక్యం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. ఎంత మెత్తటి వాక్యం! కాలం గడీలను ఖాళీ చేయలేదు. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో కౌల్దారీ చట్టం, 1973లో భూసంస్కరణల చట్టం, 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చినయి. అయినా గడి దర్వాజ ముంగట వంగిన నడుములు వంగినట్టే ఉండె. వాటిని లేపింది 1977-78లో ఊరూరా పుట్టిన రైతుకూలీ సంఘాలు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రకు ఊళ్ళకు ఊళ్ళు కదిలినయి. దండుగల పేరు మీద గుంజిన సొమ్ము వాపసు ఇమ్మని దొరలను అడిగిండ్రు. జీతగాళ్ళ జీతాలు పెంచుమన్నరు. దొరలు పట్టుకున్న బంజరులో నాగళ్ళు కట్టిండ్రు. లొంగని దొరలకు సాకలి బట్టలు ఉతుకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాడు పశువులను విడువలేదు. వందల ఏండ్లుగా మమ్ముల ఊరవతల పెట్టిన సాంఘిక బహిష్కరణ అనే ఆయుధం మొదటిసారి గడీ మీదికి తిరిగింది. అదే ఏడు అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు పట్నం పోయిండ్రు. ఖాళీ అయిన గడీల్లో కొన్నింట పోలీసు క్యాంపులు దిగినయి. దొర పోయినా దర్వాజకు కావలి మిగిలింది.

ఇక్కడ వామపక్ష రాతలతో కూడా మాకు ఒక పేచీ ఉన్నది. గడీకి వ్యతిరేకంగా నిలబడ్డ సాహిత్యాన్ని, ఉద్యమాన్ని మేము తక్కువ చేయం. అది లేకపోతే మేము ఈ అక్షరాలు రాసేవాళ్ళం కాదు. కానీ ఆ రాతల్లో చాలావరకు గడీకి ఎదురుగా ‘రైతాంగం’ అనే ఒక్క మనిషి నిలబడి ఉంటాడు. ఆ మనిషికి కులం లేదు. వాకిట్ల నిలబడ్డ రైతుకూ, దొడ్డి దర్వాజ దగ్గర నిలబడ్డ మాదిగకూ మధ్యనున్న దూరం ఆ ఒక్క మాటలో కలిసిపోయింది. దొర పోయినంక వాకిట్ల నిలబడ్డవాళ్ళలో కొందరు ట్రాక్టర్లు, రైసుమిల్లులు, కాంట్రాక్టులు పట్టి చిన్న గడీలు కట్టుకున్నరు. దొడ్డి దర్వాజ దగ్గరివాళ్ళు గోదావరిఖని బాయిలకో, బొంబాయికో, దుబాయికో పోయిండ్రు. గడి కూలడం అందరికీ ఒక్కతీరుగా విడుదల కాలేదు. దీన్ని వర్గం అన్న మాట ఒక్కటే వివరించలేదు.

మా పరిశోధన కోసం జగిత్యాల దిక్కు ఒక ఊరికి పోయినప్పుడు, డెబ్బయి ఐదేండ్లు దాటిన మాదిగ పెద్దమనిషి ఒకాయన మాకు గడి చూపిస్తానని వెంట వచ్చిండు. దర్వాజ తలుపులు ఎప్పుడో పోయినయి. గోడ సగం కూలి తుమ్మలు మొలిచినయి. లోపల ఎవరూ లేరు, ఉండరు. ఆయన దర్వాజ దగ్గర ఆగి, చెప్పులు విడిచి చేతుల పట్టుకున్నడు. ‘ఎందుకు తాతా?’ అంటే, ‘ముండ్లున్నయి బిడ్డా, నువ్వు విడువకు’ అన్నడు. 1978లో సంఘం జెండా మోసినవాళ్ళలో ఆయన ఒకడు. గడీల వారసత్వం అంటే ఏమిటని మమ్ముల ఎవరైనా అడిగితే, ఆ చేతిలో ఉన్న చెప్పుల జత గురించి చెబుతాం. దాన్ని ఏ పురావస్తుశాఖ నమోదు చేస్తుంది?

గడి ఊళ్ళకు మాత్రమే సంబంధించింది అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో 2016లో కట్టిన ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్‌ను ప్రతిపక్షాలు గడి అన్నయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారినప్పుడు ముందరి ఇనుప కంచెలు తీసేసి, దానికి మహాత్మా జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్ అని పేరు పెట్టిండ్రు. రాజకీయ నాయకులకు గడి ఒక తిట్టుగా పనికొస్తుంది. కానీ తిట్టుగా వాడేవాళ్ళెవరూ అసలు గడీల్లో వెట్టి చేసినవాళ్ళ పేర్లు రాసిపెట్టిన పాపాన పోలేదు.

టేకు దూలం ఎక్కడి నుంచి వచ్చింది

కరీంనగర్ గడీని చూస్తూ ఆదిలాబాద్‌ను మరువొద్దు. గోదారి ఆవలి అడవుల టేకు మన్నిక గడి దూలాలను చూస్తేనే తెలుస్తుంది. అడవిని రిజర్వు చేసి, గోండులను, కొలాములను పోడు నుంచి వెళ్ళగొట్టిన రాజ్యానికి టేకు చెట్టు కనబడ్డట్టు చెట్టు కింది మనిషి కనబడలేదు. జోడేఘాట్‌లో కుమ్రం భీం 1940లో తుపాకికి ఎదురు నిలిచి చనిపోయిండు. గోండుల గోస ఏమిటో తెలుసుకొమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది ఆ తర్వాతనే. ఆయన మార్లవాయిలో గోండుల నడుమ గుడిసెలో ఉన్నడు. జిల్లాలో బయటివాళ్ళు చూడపోవాల్సిన ఇల్లు ఏదన్నా ఉన్నదంటే, చుట్టూ గోడ లేని ఆ ఇల్లు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. సర్కారు లెక్కలో చనిపోయింది పదముగ్గురు. జనం లెక్క దానికి ఎన్నోరెట్లు. అమరుల కోసం కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేసిండ్రు. మళ్ళీ కట్టాల్సి వచ్చింది. సంవత్సరాల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ నిషేధాజ్ఞలే. పోల్చి చూడండి. ఊరిని వంగబెట్టిన గడికి సున్నం వేసి ‘వారసత్వం’ అంటున్నాం. వంగనన్న మనుషుల స్తూపానికి నలభై ఏండ్లు పోలీసు కాపలా పెట్టినం. ఏ రాయి వారసత్వం, ఏ రాయి శాంతిభద్రతల సమస్య అన్నది రాయిని బట్టి కాదు, రాయి కింద ఎవరున్నరన్నదాన్ని బట్టి తేలుతున్నది.

అయితే ఏం చేయాలె

గడీలను కూలగొట్టాలనే వాదన మా మిత్రుల్లో ఉన్నది. ఆ కోపం మాకు అర్థమవుతుంది. కానీ గడి కూలితే దొర ఫోటోలు, పత్రాలు పట్నంలో వాళ్ళ వారసుల ఇండ్లల్లో భద్రంగా ఉంటాయి. మా సాక్ష్యం మాత్రం పోతుంది. మాకు కాయితాలు లేవు. ఆ దొడ్డి దర్వాజ ఎత్తు, పశువుల కొట్టం గచ్చు మీది అరుగుడు, మోట బాయి ఒడ్డున పగ్గం రాసుకున్న గీతలు, ఇవే మా దస్తావేజులు. ఎవరూ తమ దస్తావేజులను తగలబెట్టుకోరు.

బాగు చేయడం పేరుతో జరుగుతున్నది కూడా కూలగొట్టడమే అయ్యే ప్రమాదం ఉన్నది. గడి హోటలైతే ముందు దర్వాజకు రంగు పడుతుంది. దొడ్డి దర్వాజ మూతపడి పశువుల కొట్టం కార్లు నిలిపే చోటవుతుంది. అందుకని ప్రజల సొమ్ము ఒక్క రూపాయి పెట్టినా సరే, ఏ గడీనైనా దొడ్డి దర్వాజ నుంచి చూపించడం మొదలు పెట్టాలని మేము అంటున్నాం. ఊళ్ళో ఏ కులం ఏ వెట్టి చేసిందో తెలుగులో, ఊరివాళ్ళ మాటల్లో రాసిన బోర్డు ముందు దర్వాజ దగ్గరనే ఉండాలె. కట్టించిన దొర పేరు పక్కన, కట్టిన ఇండ్ల పేర్లు వాళ్ళ వారసులు ఒప్పుకుంటే రాయాలె. వెట్టి చేసి ఇంకా బతికి ఉన్న ముసలివాళ్ళ మాటలు ఇప్పుడే రికార్డు చేయాలె. ఆ పనికి పోయే పిల్లలు మా వాడల్లో చదువుకున్నవాళ్ళే కావాలె, వాళ్ళకు కూలి గిట్టాలె. మళ్ళీ వెట్టి కావద్దు. గడి కింద ఉన్న జాగ, తోటల జాగ ఎవరి పేరు మీద ఎట్లా మారుకుంటూ వచ్చిందో రికార్డులు ఊరి ముందర పెట్టాలె. సర్కారు సాయం తీసుకున్న గడీలో ఒక భాగం లైబ్రరీకో, హాస్టల్‌కో ఇయ్యాలె.

అంబేద్కర్ లండన్‌లో 1921-22లో కిరాయికి ఉన్న ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని స్మారకం చేసింది. అక్కడ మ్యూజియం వద్దని చుట్టుపక్కలవాళ్ళు అభ్యంతరం పెడితే, విచారణ దాకా పోయి 2020లో అనుమతి వచ్చింది. ఆ ఇంటికి స్తంభాలు లేవు, సింహాలు లేవు, హా-హా లేదు. అయినా సముద్రాలు దాటి జనం చూడపోతున్నారు. ఇల్లు పెద్దదా చిన్నదా అన్నది కాదు, అందులోకి పోయినవాడు తలెత్తుకొని బయటికి వస్తాడా లేదా అన్నదే మాకు కావాలె. కరీంనగర్ గడీల్లోకి మేమూ పోతాం, మా పిల్లలనూ తీసుకపోతాం. దొడ్డి దర్వాజ తాళం తీయించండి, అటు నుంచే వస్తాం.